అమ్మ నడిపింది, నాన్న కాల్చాడు

పక్షవాతం వచ్చిన మనిషిని పలకరించడానికి వచ్చేవాళ్ళంటే నాకు ఇప్పటికీ ఒళ్ళుమంట. వట్టి చేతులతో రారు, ఆ మాట ఒప్పుకోవాలి. బత్తాయిలో, బ్రెడ్డు ప్యాకెట్టో సంచిలో వేసుకొస్తారు. మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంటారు. ఇక అదే జబ్బుతో పోయినవాళ్ళ కథలన్నీ ఒక్కొక్కటిగా విప్పుతారు. ఫలానా ఊళ్ళో ఫలానా ఆయనకీ ఇట్టాగే వచ్చిందనీ, ఉగాది దాకా కూడా ఉండలేదనీ, ఒక రకంగా పోవడమే నయమైందనీ. మంచం మీదున్న మనిషికి మాట పడిపోయింది గానీ చెవులు పోలేదని ఒక్కళ్ళకీ తోచదు. మా నాన్న చూపు ఇంటి దూలాల మీదికి పోయేది. నేను టీ గ్లాసులు వాళ్ళ ముందు ఠప్పున పెట్టేదాన్ని. అమ్మ నాకేసి కళ్ళురిమి చూసేది.

ఇది రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. మాది చిలకలూరిపేట దగ్గర పల్లె. మిరప, పత్తి పండిస్తాం. నాన్న నోరు ఊరందరికీ తెలుసు. పొలం గట్టు మీంచి ఆయన కేక వేస్తే ఇంట్లో అమ్మ స్నానానికి నీళ్ళు పెట్టేది. గుంటూరు మిర్చియార్డులో అంత రణగొణలోనూ ఆయన గొంతు వేరుగా వినపడేదని చెప్పుకునేవాళ్ళు. ఆ నోట్లోంచి వచ్చే ప్రతి మాటకీ ముందో వెనకో ఒక తిట్టు ఉండేది. కోపానికీ తిట్టే, ముద్దుకీ తిట్టే. నేను డిగ్రీ ఫస్టు క్లాసులో పాసయ్యానని చెప్పినప్పుడు ఆయన తిట్టిన తిట్టు ఇక్కడ రాయలేను. అంత మురిపెంగా మాత్రం నన్ను ఇంకెవరూ ఏమీ అనలేదు.

అట్లాంటి మనిషి ఒక పొద్దున కళ్ళంలో ఎండుమిరపకాయలు తిరగేస్తూ వాటి మీదే ఒరిగిపోయాడు. గుంటూరు ఆసుపత్రిలో కొన్నాళ్ళుండి ఇంటికి వచ్చేసరికి కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ లేవు. పంపించేటప్పుడు డాక్టరుగారు అమ్మకి ఒక్కటే చెప్పారు. వచ్చే మాట ఈ మొదటి నెలల్లోనే వస్తుందనీ, ఆయన్ని మాట్లాడిస్తూనే ఉండాలనీ, ఊరుకోనివ్వద్దనీ. అమ్మ దాన్ని మొక్కులాగా పట్టుకుంది. అన్నం తినిపిస్తూ, ఒళ్ళు తుడుస్తూ, తాను ఎవరో చెప్పమని, ఒక్కసారి పిలవమని అడిగేది. నాన్న మెడ నరాలు ఉబ్బేవి. 'ఆ... ఆ...' అని అక్కడే తెగిపోయేది.

మొదట్లో అట్లా ప్రయత్నమైనా చేసేవాడు. తర్వాత తర్వాత అమ్మ అడగ్గానే గోడ వైపు తిరగడం మొదలుపెట్టాడు. గడ్డం గీయించుకోడు. కిటికీ తీస్తే కళ్ళు మూసుకుంటాడు. చెయ్యి రాకపోయినా, కాలు రాకపోయినా ఎట్లాగో నెట్టుకొస్తాం అనుకున్నాం. మమ్మల్ని భయపెట్టింది ఆ గోడవైపు తిరగడమే. డాక్టరు చెప్పిన ఆ మొదటి నెలలు కళ్ళ ముందే కరిగిపోతున్నాయి, ఆయన మాత్రం మాట మీద ఆశ వదిలేసుకున్నాడు.

నేను అప్పటికి గుంటూరులో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేదాన్ని. అమ్మ ఒక్కతే చేసుకోలేదని ఉద్యోగం మానేసి ఇంటికొచ్చాను. వస్తూ వస్తూ ఒక పాత కంప్యూటర్ను బొంతలో చుట్టుకుని, చంటిబిడ్డలాగా ఒళ్ళో పెట్టుకుని బస్సులో తెచ్చుకున్నాను. పెళ్ళికార్డులు, కరపత్రాలు టైపు చేసుకోవచ్చని. మూడు పిన్నుల ప్లగ్గు పట్టే బోర్డు ఇల్లు మొత్తం మీద ముందుగదిలోనే ఉంది. నాన్న మంచమూ ఆ గదిలోనే. అందుకని కంప్యూటర్ ఆయన కళ్ళెదురుగా కూర్చుంది.

మా సెంటర్లో చదివే పిల్లలు నేను వచ్చేసేటప్పుడు ఆటల సీడీ ఒకటి చేతిలో పెట్టారు. అందులో చాలా ఆటలున్నాయి గానీ నాకు నచ్చింది ఒక్కటే, అదీ పదిమందిలో చెప్పుకునేది కాదు. డాబా మీద నిలబడి కిందికి వీధిలోకి చూస్తే మనుషులు ఎట్లా కనపడతారు, తలకాయలూ భుజాలూ మాత్రమే, అట్లా ఉంటుంది తెర మీద. చిన్న ఊరు, వీధులు, కొట్లు, తమ దారిన తాము పోయే జనం. మధ్యలో మతి చెడిన ఒకడు తుపాకీ పట్టుకుని తిరుగుతుంటాడు. వాణ్ణి నడిపేది మనం. పోలీసులొచ్చి వాణ్ణి కాల్చేలోపు కనపడినవాణ్ణల్లా కాల్చడమే ఆట. పడినవాడు పడి ఊరుకోడు, పాక్కుంటూ పోతూ ఇంగ్లీషులో ఏవో మాటలంటాడు. ఒకడు ఇవాళ సెలవు పెట్టి ఉండాల్సిందని వాపోతాడు. ఇంకొకడు చొక్కా ఇప్పుడే ఇస్త్రీ చేయించానని ఏడుస్తాడు. మనకి నవ్వొస్తుంది, నవ్వినందుకు సిగ్గూ వేస్తుంది. ఇట్లాంటి ఆటలు మనుషుల్ని పాడు చేస్తాయని అప్పట్లో పేపర్లలో గోలగోలగా రాసేవాళ్ళు. చేస్తాయేమో నాకు తెలియదు. పలకరింపులవాళ్ళు వెళ్ళిపోయాక మధ్యాహ్నం పూట కూర్చుని, ఒక్కొక్కళ్ళ పేరూ మనసులో తలుచుకుని ఒక్కొక్కణ్ణీ కాలిస్తే నా తలనొప్పి మాత్రం తగ్గేది.

ఒక మధ్యాహ్నం అట్లాగే ఆడుతున్నాను. తెర మీద ఒక బ్యాండుమేళం వరసగా నడుచుకుంటూ వచ్చింది. ఊరంతా తుపాకీ మోతలతో దద్దరిల్లుతుంటే వాళ్ళు మాత్రం బూరలు ఊదుకుంటూ నింపాదిగా పోతున్నారు. నేను గురి పెట్టేలోపు వెనక నుంచి గురగురమని ఒక శబ్దం వచ్చింది. నాన్నకి గుటక అడ్డం పడిందనుకుని కేక పెట్టి, కుర్చీ తన్నేసి లేచాను. చూస్తే ఆయన నవ్వుతున్నాడు. మూతి ఒక పక్కకి వంకరపోయి, కళ్ళమ్మట నీళ్ళు కారుతూ, ఎడమ చెయ్యి మంచం పట్టెమీద కొడుతూ నవ్వుతున్నాడు. నా కేక విని అమ్మ పెరట్లోంచి పరుగెత్తుకొచ్చింది. నాన్న చెయ్యెత్తి తెరవైపు చూపించాడు. మళ్ళీ చూపించాడు. ఆయన ఒకటి కావాలని అడగడం జబ్బు చేసిన తర్వాత అదే మొదలు.

కుర్చీలో దిండ్లు పేర్చి కూర్చోబెట్టాం. ఎడమ చేతికి మౌసు ఇచ్చాను. కానీ ఈ ఆటకి రెండు చేతులు కావాలి. ఒక చేత్తో కాల్చాలి, ఇంకో చేత్తో కీబోర్డు మీద బాణం గుర్తులు నొక్కుతూ మనిషిని నడపాలి. నేను నడుపుతానని కూర్చుంటే ఆయన నన్ను మోచేత్తో నెట్టాడు. అమ్మకేసి చూశాడు. అమ్మ అప్పటిదాకా పెరట్లో ఎండుమిరపకాయల్లోంచి తాలుకాయలు ఏరుతోంది. చీరకుచ్చెళ్ళకి చేతులు తుడుచుకుని, తనకేం తెలుసని గొణుక్కుంటూ, దేవుడి పటం ముట్టుకున్నట్టు వేలు పెట్టి నొక్కింది. ఆ సాయంత్రం అదే కీబోర్డు మీద పెళ్ళికార్డు టైపు చేసి నేను కళ్ళు నలుపుకున్నాను. మిరపకాయ ఘాటు! తెల్లారిందాకా కళ్ళు తెరవలేకపోయాను. ఆ తర్వాత నుంచి అమ్మ చేతికి కొబ్బరినూనె రాసి, సబ్బుతో కడిగిస్తే గానీ ఆటకి కూర్చోనిచ్చేదాన్ని కాదు.

అమ్మ నడపడం మీద ఒక మాట చెప్పాలి. ఆవిడ ఎవర్నీ చావనిచ్చేది కాదు. నాన్న గురి పెట్టేసరికి మా తుపాకీ మనిషిని పక్క సందులోకి తిప్పేసేది. ఆడమనిషి కనపడితే వాణ్ణి గోడచాటుకి తీసుకుపోయేది. బ్యాండుమేళం వస్తే దణ్ణం పెట్టి దారి వదిలినట్టు వదిలేది. ఎవడైనా పడి పాక్కుంటూ ఏదో అంటే ఏమంటున్నాడని నన్నడిగేది. నేను మా ఊరి మాటల్లోకి మార్చి చెబితే పమిట నోటికడ్డం పెట్టుకుని నవ్వి, ఆ వెంటనే పాపం అని నొచ్చుకునేది. నాన్నకి మాత్రం చిర్రెత్తుకొచ్చేది. గురి చూసిన ప్రతిదీ తప్పిపోతుంటే ఎవరికి రాదు? మూడోనాడో నాలుగోనాడో, అమ్మ మళ్ళీ మనిషిని వెనక్కి తిప్పేసరికి ఆయన నోట్లోంచి ఊడిపడింది.

"నీయబ్బ!"

స్పష్టంగా. గదంతా వినపడేట్టు. అమ్మ చెయ్యి బాణం గుర్తు మీదే ఆగిపోయింది. తెర మీద మా మనిషిని ఎవరో కాల్చేశారు, ఎవరూ పట్టించుకోలేదు. చచ్చి స్వర్గానికి పోయిన తన తండ్రిని తిట్టించుకుని అంత సంతోషంగా ఏడ్చిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. మరోసారి తిట్టమని ఆవిడ బతిమాలింది. ఆయన తిట్టలేకపోయాడు. మళ్ళీ 'ఆ... ఆ...' దగ్గరే ఆగిపోయింది. కానీ ఆరోజు గోడవైపు తిరగలేదు. మర్నాడు అమ్మ చెంబూ గిన్నే పట్టుకొస్తే గడ్డం గీయించుకుని ఆటకి కూర్చున్నాడు.

తర్వాత వచ్చిన మాటలు నాకే అర్థం కాలేదు. ఆట మధ్యలో నాన్న మౌసు బల్లకేసి కొట్టి "దాపటికి, దాపటికి" అని అరిచాడు. నేను వెర్రిమొహం వేసుకుని చూస్తున్నాను. అమ్మ మాత్రం టక్కున మనిషిని ఎడమకి తిప్పింది. "ఎలపటికి" అంటే కుడికి తిప్పింది. మా ఇంట్లో ఎద్దులున్న కాలపు మాటలవి. అరకకి కట్టిన జతలో ఎడమపక్కది దాపట ఎద్దు, కుడిపక్కది ఎలపట. ట్రాక్టర్లు వచ్చి, ఎద్దుల్ని అమ్మేసి చాలా ఏళ్ళయింది. నాన్న విత్తనాల గొర్రు తోలుతూ ఎద్దుల్ని అదిలిస్తుంటే, అమ్మ వెనకాలే నడుస్తూ గొట్టంలో గింజలు వదిలేదట. పెళ్ళయిన నాటి నుంచీ అదే వరస. ఆయన అడుగు తడబడితే ఆవిడ చెయ్యి ఆగాలి, ఆయన మలుపు తిరిగితే ఆవిడా తిరగాలి. నిన్నగాక మొన్న నేర్చిన మాటలన్నీ పోయి, ఆ అడుగున ఎక్కడో పడి ఉన్న మాటలు ముందు లేచొచ్చాయి.

"మీ నాన్న నన్ను ఎద్దును చేశాడే," అంది అమ్మ నవ్వుతూ. ఆ రోజు నుంచి ఆవిడ జనాన్ని కాపాడటం మానేసింది. ఆయన ఎటు అంటే అటు నడిపింది. ఊరు ఊరంతా ఖాళీ చేసిపారేశారు ఇద్దరూ.

అయితే అమ్మకి లోపల ఒక భయం ఉండనే ఉంది. నాన్నకి బీపీ. ఆవేశపడితే మళ్ళీ తిరగబెడుతుందేమోనని. మా ఊరి ఆర్‌ఎంపీ డాక్టరుకి కబురు పెడితే వచ్చి, ఆటకి ముందొకసారి, అయ్యాక ఒకసారి చేతికి బీపీ పట్టీ కట్టి చూశాడు. పెద్ద తేడా లేదన్నాడు. ఆ మధ్యలోనే మా దూరపు చుట్టమొకావిడ బత్తాయిలతో వచ్చి, ఇదే జబ్బుతో పోయిన తన మరిది కథ మొదలుపెట్టింది. ఆర్‌ఎంపీ ఏమనుకున్నాడో ఏమో, మళ్ళీ పట్టీ కట్టి చూసి, ఈవిణ్ణి మాత్రం ముందు బయటికి పంపించమన్నాడు.

బయటికి పంపితే ఊరుకుంటారా? ఆవిడ ఊరంతా టముకు వేసింది. మొగుడు చావుబతుకుల్లో ఉంటే పెళ్ళాం పక్కన కూర్చుని హత్యలు చేయిస్తోందట. చదువుకున్న కూతురు దగ్గరుండి ఆడిస్తోందట. ఆ మాట కనిగిరి దాకా పోయింది. కనిగిరి అవతల పల్లెలో మా పెదనాన్న ఉంటాడు, నాన్నకి అన్న. తల్లీ తండ్రీ చిన్నతనంలోనే పోతే నాన్నని భుజాల మీద పెట్టుకుని పెంచినవాడు. జబ్బు చేసిన దగ్గర్నుంచి వారం వారం బస్సులు మారి వచ్చేవాడు. వచ్చి తమ్ముడి పడిపోయిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఒక్క మాటా మాట్లాడకుండా కూర్చుని వెళ్ళిపోయేవాడు. పలకరింపులకి వచ్చినవాళ్ళందరిలోనూ నాకు కోపం రానిది ఆయన మీదే.

ఆయన ఈసారి చంకలో పేపరు పెట్టుకుని వచ్చాడు. అందులో ఇట్లాంటి ఆటల గురించి పడింది. రక్తం పొంగి మనిషి మెదడు చెడిపోతుందని ఎవరో రాశారు. పెదనాన్న దాన్ని మడతలు విప్పి నా ముందు పరిచాడు. వాళ్ళ వైపు కొండ దిగువన ఒకాయన పక్షవాతానికి పావురాయి రక్తం మర్దన చేస్తాడనీ, పసరు తాగిస్తాడనీ, మండలం రోజులు తన పాకలోనే ఉంచుకుంటాడనీ చెప్పాడు. ఆడవాళ్ళని ఆ పాకలోకి రానివ్వరట. వారం తిరక్కుండా కారు తీసుకొస్తానన్నాడు.

నేను ఊరుకోలేదు. మాటలొస్తున్నాయని చెప్పాను. డాక్టరు చెప్పిన నెలల్లో మిగిలినవి ఇవేననీ, ఇప్పుడు తీసుకెళ్ళి చీకటి పాకలో పడుకోబెడితే ఆయన మళ్ళీ గోడవైపు తిరుగుతాడనీ, ఆ తర్వాత ఎవరు పిలిచినా పలకడనీ గొంతు చించుకున్నాను. ఏం మాటలొచ్చాయని అడిగాడు పెదనాన్న. ఒక తిట్టూ, రెండు ఎద్దుల మాటలూ అని ఎట్లా చెప్పేది? చెప్పాను. ఆయన నాకేసి జాలిగా చూసి, చిన్నదానివి, నీకు తెలియదమ్మా అన్నాడు. అమ్మ అప్పటికే తలుపు వెనక ఉంది. మా ఇళ్ళలో తమ్ముడి భార్య బావగారి ఎదుటికి రాదు. ఆయన గుమ్మంలో చెప్పులు విడిస్తే ఆవిడ తలుపు వెనక్కి పోవాల్సిందే. ఆయన అడిగినా తలుపు వెనక నుంచి గాజుల చప్పుడే జవాబు. ఆ వారమంతా అమ్మ నాన్న చేత ఇంకో మాట పలికించాలని చూసింది. దాపటికీ ఎలపటికీ తప్ప ఏదీ రాలేదు.

కారు వచ్చినరోజు మధ్యాహ్నం వాళ్ళిద్దరూ ఆటలోనే ఉన్నారు. గుమ్మంలో చెప్పుల చప్పుడు వినగానే అమ్మ ఉలిక్కిపడి లేచి తలుపు వెనక్కి పోయింది. నాన్న చెయ్యి మౌసు మీదే ఉండిపోయింది. తెర మీద మా మనిషి నడిపేవాళ్ళు లేక నడివీధిలో నిలబడిపోయాడు. నాలుగు వైపుల నుంచీ కాల్చి పడేశారు.

పెదనాన్న లోపలికి వచ్చాడు. వెనక ఇద్దరు మనుషులు. తమ్ముడి పక్కన వంగి, లే నాయనా, కారొచ్చింది, నేనున్నాగా అన్నాడు. ఆ గొంతులో ఉన్న ప్రేమకి నాకే ఏడుపొచ్చింది. ఇక నేను చెయ్యగలిగిందేమీ లేదనిపించింది. ఆ ఇద్దరూ నాన్న చంకల కింద చేతులు వేశారు. నాన్న ఎడమ చేత్తో బల్ల అంచు పట్టుకున్నాడు. ఒకడు ఆ వేళ్ళు మెల్లగా విడదీశాడు. ఆయన అన్నకేసి చూడలేదు, నాకేసి చూడలేదు. తలుపు వైపు చూశాడు. మెడ నరాలు ఉబ్బాయి. పెదవులు వంకరపోయాయి. 'ఆ... ఆ...' అని మొదలై ఎప్పటిలాగే తెగిపోయింది. నేను కళ్ళు మూసుకున్నాను.

"పోనే," అన్నాడు నాన్న. "నేను... పోనే."

అది తిట్టు కాదు, ఎద్దులకి చెప్పే మాటా కాదు. ఇన్ని నెలల తర్వాత ఆయన తన కోసం తాను అన్న మొదటి మాట, అదీ అమ్మతో. తలుపు రెక్క కదిలింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఎన్నడూ బావగారి ఎదుట పడని మనిషి, చీర చెరగు భుజం నిండా కప్పుకుని గది మధ్యకి వచ్చింది. వచ్చి ఆ ఇద్దరి చేతులూ తీసేసి నాన్నని కుర్చీలో సర్ది కూర్చోబెట్టింది.

"ఆయన రానంటన్నాడు బావగారూ. నేను పంపను."

ఇక ఇల్లు పీకి పందిరేస్తాడనుకున్నాను. పెదనాన్న అమ్మ మాట విన్నట్టే లేడు. తమ్ముడి ముందు నేల మీద చతికిలబడ్డాడు. ఆ వంకరపోయిన మూతిని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఏందిరా అన్నావు?"

"పోను."

"ఒరేయ్... ఇంకోసారి అనరా."

"పోను."

పెదనాన్న పైకండువా మొహానికి అడ్డం పెట్టుకుని పసిబిడ్డలాగా ఏడ్చాడు. ఏడుస్తూనే మళ్ళీ అనమన్నాడు. తమ్ముడు రానంటున్న కొద్దీ ఆయన తల ఊపుతూ, ఇంకోసారి, ఇంకోసారి అని అడుగుతూనే ఉన్నాడు. బయట కారు హారన్ కొడుతోంది. ఎవరమూ లేవలేదు.